కాచిన జావ

"నీ పొడి నా పెయ్యను మింగింది శెట్టీ!"

సగం వాడిన విరేచనాల మందు పొట్లాన్ని ఓబుళేశు గల్లాపెట్టె మీదికి విసిరికొట్టాడు.

కమలాపురం బజారులో దాణా, పశువుల మందులు అమ్మే కేశవయ్య ఉలిక్కిపడ్డాడు. ఓబుళేశు భార్య రామలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అంగడి మెట్టు మీదే ఆగిపోయింది. పొద్దున చచ్చిపోయిన గేదె పెయ్యను పూడ్చిపెట్టి నేరుగా ఇక్కడికే వచ్చారు ఇద్దరూ. ఓబుళేశు కాళ్లకు ఇంకా ఆ మట్టి ఉంది.

"అయ్యో! పారుడు కట్టలేదా అప్పా?"

"యాడ కట్టింది? నీ పొడి పెడతాన్నా పారతానే ఉండె. నాసిరకం సరుకు అంటగట్టినావు."

కేశవయ్యకు కోపం రావాల్సిందే. సరుకును నాసిరకం అంటే కన్నతండ్రితోనైనా కయ్యానికి దిగే మనిషి. కానీ ఆ మట్టికాళ్లు చూసి గొంతు తగ్గించుకున్నాడు.

"ఇదే పెట్టెలోది శానామంది తీసుకపోయినారప్పా. వాళ్ల పెయ్యలు బాగుండాయి. నేను ఫ్రిజ్జులో పెట్టి అమ్ముతాండా. నువ్వు ఎండలో గాని పెట్టినావా?"

"నువ్వు చెప్పినాక ఎండ తగలనిస్తానా? తడి ఇసకలో కుండ పెట్టి, దాంట్లో దాచినా. మా ఆడమనిషైతే దాన్ని పాపా, పాపా అనుకుంటా బిడ్డను సాకినట్ల సాకింది. గిన్నె కూడా కాగే నీళ్లతోనే కడిగేది."

తన గురించి మొగుడు నలుగురిలో ఇంత గొప్పగా చెప్పడం రామలక్ష్మి ఎన్నడూ వినలేదు. విన్న రోజున పెయ్య లేదు.

"గిన్నె సరేలే. పొడి ఎట్ల పెట్టినావమ్మా?" అని ఆమెనడిగాడు కేశవయ్య.

"తవుడు జావలో ఏసి, పొంగులొచ్చేదాకా కాచినా అన్నా. చల్లార్చినాకనే పెట్టినా."

కేశవయ్య గల్లాపెట్టె మీది పొట్లాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎండలో పెట్టొద్దని చెప్పాడు గానీ, పొయ్యి మీద పెట్టొద్దని చెప్పాలని అతనికి తోచనే లేదు. ఇప్పుడు చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. అయినా చెప్పాడు.

"అమ్మా, ఆ పొడిలో ఉండేవి బతికుండే సూక్ష్మజీవులు. పెరుగు తోడులో ఉంటాయే, అట్లాంటివి. ప్రాణంతో కడుపులోకి పోతేనే పేగును బాగు చేస్తాయి. కాగే పాలల్లో తోడేస్తే పెరుగు పేరుకుంటాదా?"

రోజూ పాలు తోడుపెట్టే మనిషికి అంతకన్నా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. రామలక్ష్మి మెట్టు మీద కూలబడిపోయింది.

ఓబుళేశు కోపమంతా శెట్టిని వదిలి ఆమె మీదికి మళ్లింది.

"పొడిలో బతికుండే పురుగులుండాయి, అవే దాన్ని బతికిస్తాయి అని నీకు చెప్పలేదా?"

"చెప్తివి. పురుగులని చెప్తివి. అందుకే కాచినా."

"కాచమని ఎవురు చెప్పినారే నీకు? చెప్పు, ఎవురు చెప్పినారు?"

రామలక్ష్మి తలెత్తి మొగుడి ముఖంలోకి చూసింది.

"ఆసుపత్రిలో డాక్టరమ్మ. నీళ్లల్లో పురుగులుండాయి, కాచి తాపింటే మన కడుపున పుట్టిన పాప బతికుండేదని, ఆ పొద్దు నీ ముందరే గదా చెప్పె."