గొళ్ళెం పడని గేటు

"మళ్ళీ గేటు బార్లా తెరిచే ఉంది!" యురానీ మైక్రోస్కోపు ముందునుంచి లేచి నెత్తి కొట్టుకుంది.

మెగ్నీషియం బయటికి పోవడానికి కణం గోడలో ఒక గేటు ఉంటుంది. బయట మెగ్నీషియం కరువైతే, లోపల ఉన్నది పోకుండా కణం ఒక గొళ్ళెం ప్రోటీన్‌ను పంపి గేటు మూయిస్తుంది. ఆ గొళ్ళేనికి ఫాస్ఫేటు అంటుకుందా, ఇక అది గేటును పట్టుకోలేదు. యురానీ థీసిస్ అంతా ఇదే. కణాలకు మెగ్నీషియం లేని ద్రావణం పోసి, గొళ్ళెం పడటం చూపించాలి. సోమవారమే కమిటీ. చూపించలేకపోతే తులువా ఊరు వెళ్ళి పెద్దమ్మ బేకరీలో జున్ను రొట్టెలు కాల్చుకోవాల్సిందే.

టెక్నీషియన్ నూబియా ఫ్రిజ్ కడిగి సీసాలన్నీ మళ్ళీ సర్దిన రోజునుంచీ ఆ కణాలకు పొగరెక్కింది. ఎన్నాళ్ళు కరువులో పెట్టినా గొళ్ళెం ఊసే ఎత్తడం లేదు.

"నీ చేతిలోనే ఏదో ఉందమ్మాయ్," అన్నాడు ప్రొఫెసర్ ఎలాదియో, ఫ్రిజ్‌లోంచి తన సీసా తీసుకుంటూ. "నన్ను చూడు. ఈమధ్య రోజూ పొద్దున్నే ఒక చిన్న కప్పు మెగ్నీషియం క్లోరైడ్ నీళ్ళు. పిక్కలు పట్టేయడం పోయింది. మొన్న శనివారం సల్సా డాన్సుకి వెళ్తే, అలిసిపోయి కూర్చుంది మా ఆవిడే!"

ఈ కాలీ ఊళ్ళో ఏ అమ్మమ్మనడిగినా ఈ మందే చెబుతుంది. ప్లాస్టిక్‌లో పోస్తే గుణం పోతుందని కూడా చెబుతుంది. అందుకే ఆయన ల్యాబులోని నీలిమూత గాజుసీసా ఒకటి తీసుకుని అందులో కలిపి పెట్టుకున్నాడు. ఇప్పుడూ కప్పులో పోసుకుని, ముక్కు మూసుకుని గటగటా తాగేసి, నిమ్మబద్ద చప్పరించి, నడుము తిప్పుతూ అక్కడే ఒక చుట్టు చుట్టాడు.

"అబ్బ, ఆపండి సార్! పిల్ల ఏడుస్తుంటే మధ్యలో మీ గంతులొకటి!" అని నూబియా కసిరింది.

"ఏడిస్తే ఏమొస్తుంది? సైన్సులో కొలవాలి. ముందు ఆ ద్రావణం కొలవమను."

యురానీ ముక్కు చీదుకుని, కణాలకు పోసే నీలిమూత సీసాలోంచి ఒక చుక్క తీసి యంత్రంలో పెట్టింది. తెరమీద అంకె చూసి నూబియా బుగ్గలు నొక్కుకుంది. అందులో మెగ్నీషియం బోలెడంత!

"చూశావా! విందుభోజనం పెడుతూ కరువు కరువంటే అవి గొళ్ళెమెందుకు వేస్తాయి? కణాలు బుద్ధిగానే ఉన్నాయి, బుద్ధి లేనిది నీకే!" అన్నాడు ఎలాదియో.

"నేను కలపలేదు సార్! ఒట్టు!"

"మరి ఎవరు కలిపారు, మా ఆవిడా?"

యురానీ ఆయన కప్పు అడుగున మిగిలిన చుక్కను యంత్రంలో పెట్టింది, తెరమీద సున్నా వచ్చింది.