టేపు పెట్టని కొలత

ఆ దర్జీకి టేపుతో పనే లేదు. వీధి మలుపులో మనిషి కనబడితే చాలు, ఛాతీ ముప్పై తొమ్మిది, నడుము ముప్పై ఆరు, జేబులో పల్లీల పొట్లం అని కూర్చున్న చోటి నుంచే చెప్పేసేవాడు. ఒకసారి గోడ అవతల ఎవరో దగ్గితే, ఆ దగ్గు విని ప్యాంటు కుట్టాడు. అతికినట్టు సరిపోయింది.

అంతటివాడు ఆ ఉదయం దుకాణం వెనక గదిలో తమ్ముడి మీది దుప్పటి లాగేశాడు.

"రోగమా రొష్టా? లేవరా! రెండు నెలలుగా కాజాలు కుట్టే దిక్కు లేదు."

తమ్ముడు గోడవైపు తిరిగాడు. "లేవాలనే ఉందన్నయ్యా. ఒళ్ళు కదలట్లేదు."

"రోగమే!" గుమ్మంలోంచి అందుకుంది దర్జీ భార్య. "డిప్రెషన్ అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అబ్బాయిని మళ్ళీ ఆ మాత్రలు వేసుకోనివ్వండి."

"జ్వరమా, దగ్గా? నలుగురిలో పడితే అదే పోతుంది."

ఆ మాత్రల్ని తొమ్మిది రోజుల కిందట దర్జీయే గుడ్డముక్కల బుట్టలోకి విసిరేశాడు. బదులుగా కొత్త చొక్కా కుట్టాడు.

"ఇది తొడుక్కుని దుకాణంలో కూర్చో. పెళ్ళికొడుకులా ఉంటావు."

అన్న మాట కాదనలేక తమ్ముడు తొడుక్కున్నాడు. భుజాలు జారిపోయాయి. ఆ చొక్కాలో ఇంకొకడికి చోటుంది.

దర్జీ ఎక్కడో వెతికి టేపు తెచ్చాడు. ఛాతీ ముప్పై మూడు. టేపు తిరగేసి మళ్ళీ పెట్టాడు. ముప్పై మూడే. తను కత్తిరించింది ముప్పై ఎనిమిదికి.

"నువ్వు బాగానే కుట్టావన్నయ్యా," తల దించుకున్నాడు తమ్ముడు. "తప్పు నాదే."

దర్జీ టేపు దించాడు. "ఇంతలా చిక్కిపోయావని చెప్పొద్దుట్రా?"

"ముద్ద దిగట్లేదని చెప్పాగా. తిక్క కుదిరితే అదే దిగుతుందన్నావు."

దర్జీ వెళ్ళి బుట్ట బోర్లించాడు. మాత్రల అట్ట దొరికింది, చుట్టూ దారాలు చుట్టుకుని.

"పద."

"ఎక్కడికి? మరి దుకాణం?"

"తాళం ఉన్నదెందుకు? డాక్టరమ్మ దగ్గరికి."

అక్కడ డాక్టరమ్మ తమ్ముణ్ణే అడిగింది. "మాత్రలు ఎందుకు మానేశావు?"

"వాడు మానలేదమ్మా, నేనే పారేశాను," అన్నాడు దర్జీ. "జబ్బనుకోలేదు. ఐదంగుళాలు తగ్గాడని ఇవాళ టేపు చెబితే తెలిసింది."

"అంగుళం తగ్గనివాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది. వాళ్ళని ఏ టేపూ పట్టుకోలేదు. మనిషి చెప్పినప్పుడే నమ్మాలి."

దర్జీ చేతిలో టేపుని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. తమ్ముడు మెల్లగా రెండో కొస పట్టుకున్నాడు.

ఇక నా సంగతి. దర్జీ కంటితో కొలిచేవాడన్నది నేను అల్లిందే. గోడ అవతలి దగ్గు మరీనూ. నిజానికి ముప్పై ఏళ్ళలో ఆ మనిషి టేపు పెట్టకుండా ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేదు, తమ్ముడి చొక్కా తప్ప.