మైకు లేని మిషను

"మైకు వద్దబ్బయా, తీసెయ్," అంది విజయకుమారి.

అజారుద్దీన్ మైకు పెట్టెను అలాగే చేత్తో పట్టుకుని ఆమె వంక చూశాడు. నెల్లూరులో కంప్యూటర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టాక రకరకాల బేరాలు విన్నాడు గానీ, ఇలాంటిది ఇదే మొదటిసారి.

"అమ్మా, ఈ కంప్యూటరు ఎందుకన్నారు? మీ పాప ఆట ఆడతా లైవ్‌లో చూపించడానికే కదా?"

"అవును."

"ఆదివారం పోటీలో గెలిస్తే, ఎట్టా గెలిచిందో చూసేవాళ్ళకి వివరించాలన్నారు?"

"వివరిస్తాది."

"మైకు లేకుండానా?"

"అది చూసుకుంటాదిలే. ఎనభై వేలు దాటకుండా నువ్వు మిగతాది చూడు."

పక్కన బిల్లు కొడుతున్న చెల్లెలు ఆయేషా నవ్వు ఆపుకుంది. "మా అన్న నోరు మూయించినోళ్ళు ఇప్పటిదాకా లేరమ్మా. మీరే," అంది.

విజయకుమారి పొద్దున్నే మైపాడు నుంచి బస్సులో వచ్చింది. కూతురు వాణి కాలేజీకి వెళ్ళిందట. పోయిన పోటీలో గెలవబోతున్న సమయానికి పాత ల్యాప్‌టాప్ బిగుసుకుపోయి ఓడిపోయిందట. ఈసారి ఫైనలు దాకా వచ్చింది. మళ్ళీ అలాగే జరిగితే ఇక ఆట జోలికే పోనంటోందని, వచ్చీ రాగానే ఆ తల్లి చెప్పింది. ఆ వెంటనే బేరంలోకి దిగింది.

"ప్రాసెసరు ఒక మెట్టు దించు. లైవ్ పంపే బరువు గ్రాఫిక్స్ కార్డు మోస్తాదంట కదా."

నిజమే. అజారుద్దీన్ దించాడు.

"ఆ రంగు రంగుల ఫ్యాన్లు మాకెందుకు, మామూలువి పెట్టు."

పెట్టాడు. పవర్ సప్లై చవకరకం చాలేమోనని ఆయేషా అంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "అది కాలిందంటే మిగతావన్నీ దాని వెంటే పోతాయి," అంది. మైపాడు సముద్రపు గాలికి లోపల తుప్పు పడుతుందని, దుమ్మును ఆపే, తీసి కడుక్కునే జాలీ ఉన్న క్యాబినెట్టే ఏరుకుంది. ప్రతిదానికీ కూతురికి మెసేజ్ పెట్టడం, జవాబు చదువుకోవడం, తలూపడం.

"ఒకసారి పాపకు ఫోన్ చేసియ్యండమ్మా, నేను మాట్లాడతా," అన్నాడు అజారుద్దీన్.

"అది ఫోన్‌లో మాట్లాడదు. మెసేజే."

"మా పిల్ల" అనే మాట ఆమె నోట పదిసార్లు వచ్చింది గానీ, ఆ పిల్లను ఒక్క ముక్క మాట్లాడనివ్వడం లేదు. అజారుద్దీన్ మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

"మిగిలిందంతా కెమెరా మీద పెట్టు," అందామె. "ఎంత వేగంగా కదిలినా బొమ్మ చెదరగూడదు. ముఖం ఒక్కటే చాలదు, నడుము దాకా రావాల. ముందర ఒక మంచి లైటు."

ఇక అతను ఉండబట్టలేకపోయాడు. "మనిషి కనపడాల గానీ గొంతు వినపడగూడదా అమ్మా? చీరల షాపు ముందర బొమ్మను నిలబెట్టినట్టు?"

"అన్నా," అంది ఆయేషా, బిల్లు మీది నుంచి తలెత్తి.

విజయకుమారికి కోపం రాలేదు. "మా పిల్ల బొమ్మేం కాదులే నాయనా. దానితో వాదన పెట్టుకుని గెలిచినోళ్ళు మా ఇంట్లో ఎవురూ లేరు."

"మరి ఆ వాదనేదో నలుగుర్నీ విననియ్యండి. పోనీ, ఈ మైకు నా తరఫున ఊరికే ఇస్తా."

"ఊరికే ఇచ్చినా వద్దు. అంత ఇవ్వాలనుంటే లైటు ఒక మెట్టు పెద్దది ఇయ్యి."

అజారుద్దీన్ ఇచ్చాడు. మిషను బిగించి, ఆడించి చూపించి, అట్టపెట్టెల్లో సర్ది ఆటో ఎక్కించాడు. ఆటో మలుపు తిరగ్గానే, "ఆ తల్లి పిల్ల నోరు నొక్కేస్తోంది," అన్నాడు.

"తెలియకుండా అంత మాట అనబాకన్నా," అంది ఆయేషా.

ఆదివారం సాయంత్రం షాపులోని పెద్ద మానిటర్ మీద అన్నాచెల్లెళ్ళిద్దరూ వాణి లైవ్ పెట్టుకుని కూర్చున్నారు. కత్తియుద్ధం ఆట. ఎదుటి అమ్మాయి విశాఖ నుంచి ఆడుతోంది. మొదటి ఆట ఆ అమ్మాయిదే. రెండోది వాణి లాక్కుంది. మూడో ఆటలో తెర మీద ఇద్దరి ప్రాణాలు చూపే పట్టీలూ చివరి గీతకు దిగాయి. అజారుద్దీన్ కళ్ళు కత్తుల మీద లేవు. బొమ్మ ఎక్కడ బిగుసుకుంటుందోనని తెర అంచులే చూస్తున్నాడు. ఎక్కడా బిగుసుకోలేదు. విశాఖ అమ్మాయి కత్తి ఎత్తేలోపు వాణి పక్కకు దూకి ఒకే వేటు వేసింది.

"కొట్టేసింది," అంటూ ఆయేషా కుర్చీలోంచి లేచింది.

ఆట చప్పుడు ఆగింది, ఆట బొమ్మ చిన్నదై మూలకు వెళ్ళింది. కెమెరా బొమ్మ తెరంతా పరుచుకుంది. నున్నటి గోడ ముందు, మంచి వెలుతురులో, చెదరని చిత్రంలో, కళ్ళు మెరుస్తూ వాణి. ఇప్పుడు వివరించాలి. పెదవులు మాత్రం కదల్లేదు.

"చూశావా, నే చెప్పలా?" అజారుద్దీన్ పళ్ళు కొరుకుతూ సౌండ్ పెంచాడు. ఏమీ లేదు. చివరిదాకా పెంచాడు. అయినా లేదు.

కింద కామెంట్లు మాత్రం ఆగకుండా పడుతున్నాయి. "ఎంత బాగా చెప్పావక్కా." "ఆ చివరి ఎత్తు ఇంకోసారి చెప్పు, ప్లీజ్." "మన భాషలో నువ్వు చెప్తుంటే ఆట ఇప్పుడు అర్థమైంది."

వాళ్ళందరికీ ఏం వినపడుతోందో అజారుద్దీన్‌కు అంతుబట్టలేదు. వైరు ఊడిందేమోనని వంగి స్పీకరు వెనక వెతుకుతుంటే ఆయేషా అతని భుజం పట్టుకుంది.

"సౌండ్ వదిలెయ్యన్నా," అంది మెల్లగా. "తెర చూడు."

తలెత్తి చూశాడు.

వాణి చేతులతో మాట్లాడుతోంది.