పక్కనుంచి అందించకూడదు

“ఇవాళ ఏ వారం మామ్మగారూ?” అని అడిగింది సర్వే అమ్మాయి.

“గురువారమమ్మా,” అంది ఆవిడ.

పక్క కుర్చీలో ఉన్న ప్రూఫ్‌రీడరు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆవిడ చేత వల్లె వేయిస్తూనే ఉన్నాడాయన. ఇవాళ మంగళవారం, మంగళవారం అని పళ్ళు తోముకునేటప్పుడు చెప్పించాడు. టిఫిన్ తినేటప్పుడూ చెప్పించాడు. బుద్ధిగా తలూపి, అప్పజెప్పి, తీరా అడిగే మనిషి ఎదురుగా కూర్చునేసరికి గురువారమట!

“మంగళవారం కదే!” అని అరిచాడు.

“తాతగారూ, పక్కనుంచి అందించకూడదండీ,” అని నవ్వింది ఆ అమ్మాయి.

ఆయన ఊరుకునే రకమా? పత్రికాఫీసులో జీవితమంతా ఇతరుల తప్పులు దిద్ది దిద్ది రిటైరైన మనిషి. ఎవరైనా శుభలేఖ చేతికిచ్చినా ముందు పెన్ను కోసం జేబు తడుముకుంటాడు. ఇంట్లో భార్య నోరు తెరిస్తే మాట పూర్తయ్యేలోపే దిద్దేస్తాడు. ఆవిడకీ అలవాటైపోయింది. “సరే, మీరన్నట్టే కానివ్వండి,” అనేసి తన పని తను చూసుకుంటుంది.

ఈ అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చింది. పెద్ద వయసులో వచ్చే మతిమరుపు మీద పరిశోధనట. ముందే పిల్లలకి ఫోన్ చేసి వివరాలు కనుక్కుని, ఇంటింటికీ వచ్చి భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారట. “ముందు మిమ్మల్ని అడగనా తాతగారూ?” అంటే, “నన్నడిగేదేముంది? నేను నిక్షేపంలా ఉన్నాను. ఆవిణ్ణడుగు,” అని ఆయనే అటు తోసేశాడు.

ఇంట్లో జరుగుతున్న భాగోతం ఆయనకి తెలుసు మరి. మొన్న ఆయన కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. ఎవరు పెట్టారే అంటే ఆవిడ నోరు విప్పదు. స్టవ్ మీద పాలు గిన్నెతో సహా మాడిపోయాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరు, తను వంటింటి ఛాయలకే పోడు. ఇక వేరే చెప్పాలా? టీ ఇవ్వవే అంటే, “ఇందాకే తాగారు కదండీ,” అంటుంది. అలాంటి మనిషితో ఎన్నాళ్ళని వేగాలి?

పైగా కూతురు ఖరాకండీగా చెప్పేసింది. ఈ సర్వే వాళ్ళు కూడా తేడా ఉందంటే ఇక మీరిద్దరే ఆ ఫ్లాట్‌లో ఉండటానికి వీల్లేదు, సామాను సర్దుకుని నా దగ్గరికి వచ్చేయండి అంది. తన కుర్చీ, తన కిటికీ, తన పుస్తకాల బీరువా వదిలేసి ఇంకొకరి ఇంట్లో ఒదిగి ఉండటమంటే ఆయనకి ప్రాణం పోయినంత పని. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. ఒక్కోటీ మరిచిపోతూ మరిచిపోతూ ఈవిడ చివరికి తననే మరిచిపోతే?

“మీ ఫ్లాట్ ఎన్నో అంతస్తులో ఉందండీ?”

“మూడు.”

“నాలుగు!” అన్నాడాయన పళ్ళు కొరుకుతూ.

“మీ అమ్మాయి ఆఖరుసారి ఎప్పుడొచ్చింది?”

“నిన్న సాయంత్రం.”

“నిన్నా!” ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. “దాని మొహం చూసి ఆర్నెల్లయింది కదే! నీకేమైనా పిచ్చా?”

ఆవిడ ఆయన వంక చూసింది. “పోన్లెండి, ఆర్నెల్లే అయుంటుంది,” అంది మెల్లగా. ఒక మాట మీద నిలకడేదీ? ఆయన తల పట్టుకున్నాడు.

అందించకూడదని ఆ అమ్మాయి ఇప్పుడు అనడం లేదు. టకటకా ట్యాబ్‌లో కొట్టుకుంటోంది. “మామ్మగారూ, ఇందాక గుర్తుపెట్టుకోమని మూడు మాటలు చెప్పాను. అవేమిటి?”

“అద్దం, గొడుగు, నిమ్మకాయ.”

“అద్దమెక్కడిది? గడియారం!” అన్నాడాయన. “గడియారం, గొడుగు, ఇంకోటేదో పండు. ఇంత చిన్న విషయం గుర్తుండదా నీకు? ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టేనా?”

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది చూసేసరికి ఆయన కోపం నీరుగారిపోయింది.

“అమ్మాయ్,” అన్నాడు, ఎన్నడూ ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి. “ఆవిడ ఉత్త కంగారు మనిషి. కొత్తవాళ్ళ ముందు తడబడుతుంది. వచ్చే వారం ఇంకొక్కసారి రా. ఈలోగా నేను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పిస్తాను. ఎలాగోలా గట్టెక్కించు తల్లీ.”

“అలాగే తాతగారూ,” అంటూ ఆ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని లేచింది. ఆవిడ సాగనంపడానికి వెనకాలే వెళ్ళింది. ఆయన కుర్చీలోనే ఉండిపోయి, రేపట్నుంచి దేనితో మొదలుపెట్టాలా అని ఆలోచించసాగాడు.

గుమ్మం బయట సర్వే అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, లోపలికి వినబడకుండా చెప్పింది: “మీరు చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి మామ్మగారూ, తాతగారు దిద్దినవే అన్నీ తప్పులు.”