తడిగుడ్డ ఆవిడ

తెర మీది అంకెను నమ్మి, గోడవతలి మనిషిని నమ్మనివాళ్లారా, ఇది మీ నిర్వాకమే.

అన్నాచెల్లెళ్లు ఇంటి వెనక గదిలో, రాత్రీపగలూ లెక్కలు చేసి డిజిటల్ నాణేలు సంపాదించే క్రిప్టో మైనింగ్ మిషన్లు పెట్టారు. మిషన్ల తెర ఎప్పుడు చూసినా వంద పాళ్ల పని చూపిస్తోంది. ఆ పని అందుకుని లెక్కగట్టే పూల్ మాత్రం పగలంతా డెబ్బై అంటోంది. సాయంత్రమైతే తొంభై దాటుతోంది.

మధ్యలో ఎవరో నొక్కేస్తున్నారని అన్న తేల్చేశాడు.

వెనక సందులో అద్దెకుంటున్న ఒకావిడ మీద అతని కన్ను పడింది. ఎప్పుడు చూసినా నెత్తిన తడిగుడ్డ. ఆవిడ పనికి వెళ్లగానే లెక్క పడిపోతోంది, ఇంటికి రాగానే లేస్తోంది. అన్నకు ఆ సాక్ష్యం చాలు.

ఒకరోజు ఆవిడే గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, మీ మిషన్ల సంగతి ఒకటి చెప్పాలి."

"మా మిషన్ల సంగతి నీకెలా తెలుసమ్మా?"

వీధిలో నలుగురినీ పిలిచి ఆవిడ సంచీ దులిపించాడు. ఖాళీ టిఫిన్ డబ్బా, ఇంకో తడిగుడ్డ రాలాయి.

"చూశారా, తడిగుడ్డతో గొంతు కోసే రకం," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆవిడ డబ్బా ఏరుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పూల్ లెక్క యాభైకి దిగింది. సాయంత్రమైనా లేవలేదు.

చెల్లెలు పట్టు వదల్లేదు. దొంగను కాదు, తేడాను వెతికింది. మిషన్ తాను చేసిందంతా పనే అనుకుంటుంది. పూల్ తప్పుల్లేనిదే తీసుకుంటుంది. ఒళ్లు కాలితే మిషన్ తప్పులు చేస్తుంది. మరి వేడి బయటికెందుకు పోవడం లేదు?

వేడి గాలి పోయే గొట్టం వెంట గోడ చుట్టూ తిరిగి వెళ్లింది. దాన్ని బిగించింది అన్నే. అవతల ఏముందో చూడనే లేదు.

గొట్టం మూతి తెరుచుకున్నది రేకులు కప్పిన ఇరుకు వసారాలోకి. దాన్నానుకుని ఒకే గది. తలుపుకి తాళం.

పక్కింటాయన్ని అడిగింది. తడిగుడ్డ ఆవిడ గదే అదని, నిన్ననే ఖాళీ చేసిందని అన్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ తలుపూ కిటికీ బార్లా తీసి, తాను మాత్రం మెట్ల మీదే కూర్చునేదట.

చెల్లెలు రేకు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసింది. తిన్నగా ఇంటికొచ్చి మెయిన్ కట్టేసింది.

"ఏంటే ఇది?" అన్నాడు అన్న.

"ముందు ఆ గొట్టం పీకి డాబా మీదికి తిప్పు అన్నయ్యా. తర్వాత ఆవిడెక్కడుందో వెతికి తీసుకురా. అదే వీధిలో, ఆ నలుగురి ముందే చెప్పు, మన మిషన్ల సెగంతా ఇన్నాళ్లూ తన గదిలోంచి సాగనంపింది ఆవిడేనని."