తర్వాతి పేపరు

టీ విరామం అయిపోతే ఆవిడ వంతు.

హాలు బయట వరండాలో గోడవైపు తిరిగి నిలబడి, పేపరు మొదటి పేజీని లోలోపలే అప్పజెప్పుకుంటోంది. ‘యాస్పెక్ట్ ఓరియెంటెడ్ సాఫ్ట్‌వేర్ ఎవల్యూషన్.’ ఈ సదస్సు పేరే అది. ఒక్క గుక్కలో చెప్పగలిగితే సగం గట్టెక్కినట్టే. ఏ మాట దగ్గర తెర మీద బొమ్మ మార్చాలో కూడా ఆవిడకు కంఠతా వచ్చు. అయినా భయం పోలేదు.

భయం జనాన్ని చూసి కాదు. ఇక్కడో నియమం ఉంది. పేపరు ఎంత బాగున్నా, వేదికెక్కి చదివేవాళ్లు లేకపోతే దాన్ని సదస్సు సంపుటంలో అచ్చు వెయ్యరు. మధ్యలో ఆపేసి దిగి వచ్చేస్తే అంతే సంగతులు. ఈ మధ్య ఆవిడ దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, ఈ పేపరు అచ్చులో ఉండాలని.

నల్ల కోటు భుజాల దగ్గర పట్టేస్తోంది. కుట్లు విప్పి వదులు చేసుకోవడం ఆవిడకు చిటికెలో పని. ఎందుకో చెయ్యి రాలేదు.

నిర్వాహకుడు దగ్గరికొచ్చాడు. పొద్దున్నుంచీ అందరి మీదా కేకలేస్తున్న మనిషి, గొంతు బాగా తగ్గించాడు.

“అమ్మా, కూర్చునే చదవండి. ప్రశ్నలడగొద్దని నేను ముందే చెప్పేస్తాను.”

“వద్దండీ. అందరి పేపర్లకీ ఎలా జరిగితే దీనికీ అలాగే జరగాలి.”

ఆయన ఇంకేదో అనబోయి, తల ఊపి వెళ్లిపోయాడు. ఇదంతా చూస్తున్న గళ్ల చొక్కా పరిశోధకుడు టీ కప్పుతో పక్కన చేరాడు.

“ఆయన మెత్తగా మాట్లాడగా చూడటం ఇదే మొదటిసారి. మీరు పెద్ద తలకాయే అన్నమాట! ఈ సబ్జెక్టులో ఎప్పట్నుంచి ఉన్నారు మేడం?”

“పోయిన చలికాలం నుంచి.”

“అంతేనా! ఇంతలోకే పేపరా?”

“వేరే పనేం పెట్టుకోలేదు బాబూ. లేస్తే ఇదే, పడుకుంటే ఇదే.”

“ఆ ఓపికేదో మాకూ కాస్త అప్పివ్వండి” అని నవ్వాడతను. ఆవిడా నవ్వబోయింది. కానీ నవ్వు రాలేదు.

వేదిక మీద మొదటి పేజీ గండం గడిచింది. ప్రోగ్రాంలో నాలుగు చోట్లా చెదిరిపోయిన ఒకే పనిని ఒకచోటికి చేర్చి ముడి వేస్తారు. తర్వాత ప్రోగ్రాం మారుతూ పోతుంటే ఆ ముడి ఎక్కడ తెగిందో పట్టుకోవడం ఎలా? పేపరు సంగతంతా అదే. ఆవిడ ఎక్కడా తడబడలేదు. ‘మేము గమనించాం’, ‘మేము ప్రతిపాదిస్తున్నాం’ అన్నచోట్ల మాత్రం గొంతు వణికింది. రాసేది ఒక్కరే అయినా ‘మేము’ అనడం ఈ పరిశోధకుల అలవాటు.

“తెగిన ముడిని తిరిగి కట్టే పద్ధతిని మేము తర్వాతి పేపర్లో వివరిస్తాం.”

అదే చివరి వాక్యం. ఈ రంగంలో చాలా పేపర్లు అలాంటి మాటతోనే ముగుస్తాయి, ఎవరూ పట్టించుకోరు. ఆవిడ మాత్రం దాన్ని సగంలో ఆపేసింది. దుఃఖం తన్నుకొచ్చింది. కాసిని నీళ్లు తాగి, ఆ వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టి పూర్తిగా చదివింది.

చప్పట్లు మోగాయి. పేపరు అచ్చులోకి వెళ్లినట్టే. ఆవిడ కాగితాలు సర్దుకుంది.

గళ్ల చొక్కా చెయ్యెత్తాడు.

“చాలా బాగుంది మేడం. కానీ తెగింది చూపించి, కట్టేది దాచేసుకున్నారు. ఇదేం న్యాయం? మీ తర్వాతి పేపరు ఎప్పుడొస్తుందో చెప్తేగానీ మిమ్మల్ని దిగనివ్వం.”

హాలంతా నవ్వింది. నిర్వాహకుడు గబుక్కున లేచాడు. ఆవిడ ఆయన్ని కూర్చోమని సైగ చేసి, కోటు చేతిని ఒకసారి నిమురుకుంది.

“రాదు బాబూ, ఇది రాసిన మా అమ్మాయి మీరు దీన్ని ఒప్పుకున్నారన్న కబురు అందకముందే పోయింది, నేను బట్టలు కుట్టుకునేదాన్ని, దాని బదులు చదివి వెళ్దామని వచ్చాను.”