అయ్య అడిగిన మాట

"ఆ కుర్చీలు అట్లే ఉండనీండి సార్. అవి కాయలు ఏరే ఆడోళ్లకి," అంది ఉషారాణి.

మేనేజరు లోకేష్ కుర్చీ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"మీరు నిలబడల్ల. అయ్య సభంటే అంతే సార్. పనోళ్లకి కుర్చీలు, ఆఫీసోళ్లకి గోడ."

"గోడకి ఆనుకోవద్దండి సార్, సున్నం అంటుకుంటాది," అంది ముందు వరసలోంచి తిమ్మక్క. ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు పక్కనుంది ఆ టమోటా గుజ్జు ఫ్యాక్టరీ. ఆ మధ్యాహ్నం పని ఆపి, షెడ్డు కడిగి, ఒక బల్ల వేసి, దాని మీద శాలువా, పూలదండ సిద్ధంగా పెట్టారు. ఛైర్మన్ మునికృష్ణయ్యగారికి వీడ్కోలు సభ.

కాయలు ఏరే విభాగానికి సూపర్‌వైజరు ఉషారాణి. పొద్దున్నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. పనులు ఎక్కువై కాదు, గుబులు. కుప్పంలో ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి, రంగు చూసి కాయలు ఏరే మిషన్ వచ్చింది. అది వచ్చిన వారానికే అక్కడి ఆడవాళ్లను ఇళ్లకు పంపేశారు. అలాంటి మిషనే ఇక్కడికీ రాబోతోందని, దాన్ని బిగించడానికే బెంగళూరు నుంచి లోకేష్‌ను పంపారని అందరికీ తెలుసు. కురబలకోట నుంచి బస్సెక్కి వచ్చే తిమ్మక్క రోజూ అదే అడుగుతుంది, "మిషన్ లారీ ఎక్కించినారంటనా ఉషా?" అని.

ఉషారాణి లోకేష్ దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించింది. "సార్, అయ్య మిమ్మల్ని ఒక మాట అడుగుతాడు."

"తెలుసు. ఆయన భార్య ఫోన్ చేశారు. మనుషుల్ని తీసెయ్యనని చెప్పాలి, అంతేగా?"

"అంతే సార్. ఆ మాట వినకుండా అయ్య గేటు దాటడు."

"ఇంతమంది ముందెందుకు? చెవిలో చెప్తే సరిపోదూ?"

"అయ్యకి చెవులు సరిగా వినపడవు సార్. గట్టిగానే చెప్పల్ల."

తిమ్మక్క ఎందుకో పైకప్పు వంక చూసింది.

కారొచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో మునికృష్ణయ్య దిగాడు. పక్కనే చెయ్యి పట్టుకుని భార్య శాంతకుమారి.

"పొద్దున్నించీ తయారై కూర్చోనుండాడు ఉషా. ఇంకా బయల్దేరలేదేంటికి, పనోళ్లు కాచుకోనుంటారని ఒకటే పోరు," అందామె. "నీకూ శ్రమ పెడతాండాను."

"శ్రమేముందమ్మా!"

మునికృష్ణయ్య బల్ల వైపు పోలేదు. కుర్చీల వరసల్లోకి నడిచాడు. "తిమ్మక్కా, మోకాలు నొప్పి ఎట్లుండాది?"

"నాతోనే ఉండాదయ్యా. మా ఆయన మాదిరి ఇడిసిపెట్టి పొయ్యే రకం కాదది."

ఆయన నవ్వి చుట్టూ చూశాడు. "చెంగయ్య యాడ? బాయిలర్ కాడ లేడే?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వాళ్లూరు సోమలకి పోయినాడయ్యా," అంది ఉషారాణి.

"పోనీ పాపం. లీవు అడిగితే కాదనొద్దండి."

దండ వేశారు. ఆయన బల్ల అంచు పట్టుకుని మాట్లాడాడు. "రేటు లేక టమోటా రోడ్డు మీద పారబోసిన ఏడాది, ఈ షెడ్డులో ఒక్క కాయ లేదు. అందరూ మూసెయ్యమన్నారు. ఈళ్లతో గోడలకి సున్నం కొట్టించినా, గుంతలు తవ్వించినా, మళ్లా సున్నం కొట్టించినా. ఇంటికి మాత్రం పంపలే. ఆ మరుసటేడు కాయ దిగినప్పుడు, నాకు పిలిచే పని లేకపోయె. అందరూ ఈడనే ఉండిరి."

"సగం సున్నం మా నెత్తిన్నే ఉండె కదయ్యా!" అంది తిమ్మక్క. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఉషారాణి శాలువా విప్పింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండమ్మా. ముందు ఆ అబ్బిని పిలువు."

లోకేష్ గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాడు.

"ఇంక ఈడ చూసుకునేది నువ్వేనా అప్పా?"

"అవునండి."

"నేను పోతాండా. ఈళ్లని పంపించెయ్యవు కదా?"

ఉషారాణి శాలువా పట్టుకునే లోకేష్ వైపు తిరిగింది.

"పంపించనండి," అన్నాడు లోకేష్, నేల చూస్తూ.

"మాకే వినపడలే సార్!" అంది తిమ్మక్క.

లోకేష్ తలెత్తాడు. మునికృష్ణయ్య అతని రెండు చేతులూ పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. లోకేష్ పైపైన ఒక మాట అనేసి పోదామనే వచ్చాడు. ఇప్పుడు గొంతు పెంచాడు.

"ఒక్కరినీ పంపనండి. నేనున్నంత కాలం వీళ్లంతా ఇక్కడే ఉంటారు."

చప్పట్లతో షెడ్డు రేకులు అదిరాయి. మునికృష్ణయ్య తృప్తిగా తల వంచి శాలువా కప్పించుకున్నాడు. గేటు దాకా అందరూ వెళ్లి సాగనంపారు. కారు పుంగనూరు వైపు తిరిగింది.

ఆడవాళ్లు పనిలోకి వెళ్లాక లోకేష్ తల పట్టుకున్నాడు. "ఆయన ముఖం చూశాక మాట వరసకి అనలేకపోయానమ్మా. నిజంగానే అనేశాను. ఇప్పుడు హెడ్డాఫీసుకి ఏం చెప్పను?"

"ఛైర్మన్‌గారు అడిగినారు, మాట ఇచ్చేసినానని చెప్పండి సార్."

లోకేష్ ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వాడు. ఫోను తీసి అక్కడే నిలబడి మాట్లాడాడు. "ఆ మిషన్ ఇక్కడికి వద్దు సార్. వీళ్లను తీసెయ్యనని ఛైర్మన్‌గారికి మాటిచ్చాను."

అవతలివాళ్లు ఏదో అడిగారు.

"మునికృష్ణయ్యగారికే సార్," అన్నాడు లోకేష్.

మునికృష్ణయ్యగారు రిటైరై అప్పటికి ఆరేళ్లయింది. ఆ సంగతి గుర్తులేనిది ఆయనకొక్కడికే.